చలికాలం సెలవుల్లో తక్కువ ఖర్చుతో సిటీ తిరగాలంటే, బయల్దేరే ముందు ఇవి చూస్కోండి

- కాలేజ్ ఐడీ ఒరిజినల్ కార్డే పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొన్నిచోట్ల స్టూడెంట్ టికెట్ ఇవ్వరు.

- మ్యూజియంలు చాలావరకు వారంలో ఒకరోజు మూసేస్తారు, ఫ్రీ ఎంట్రీ ఉంటే అది ఇంకో రోజు, పండగ సెలవులొస్తే ఈ రెండూ మారొచ్చు, అందుకే వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో టైమింగ్స్ చూశాకే కదలండి, లేదంటే గేటు చూసి వెనక్కి రావడమే.

- ఐస్ స్కేటింగ్‌కి గ్లోవ్స్, పొడుగు సాక్స్ మస్ట్. స్కేట్స్ అద్దె టికెట్‌లో కలిసుందా లేదా ముందే అడగండి, అసలు బిల్లు అక్కడే పెరుగుతుంది.

- చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా దిగిపోద్ది, లోపలి జేబులో పెట్టుకోండి.

- లావు జాకెట్ ఒక్కటే కాకుండా పొరలుగా వేస్కోండి, లోపలికెళ్తే ఉక్కపోస్తది.

- లాస్ట్ ట్రైన్ ఎన్నింటికో అందరికీ తెలియాలి, మిస్సయితే రోజంతా మిగిల్చిన డబ్బు క్యాబ్‌కే గోవిందా.