అయిదుగురు చాలు మాస్టారూ

ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు బడుల్లో ఒంటరిగా నెట్టుకొస్తున్న మాస్టార్లకి ఒక మాట. రెండొందల మంది వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప పాఠం దొరకదు. పాఠంలో చిక్కొస్తే అడగడానికి అయిదుగుర్ని ఏరుకోండి. ఆంధ్రాలో పాతపట్నం వైపు ఒకరు, మీ బ్లాకులో ఒడియా మీడియం చెప్పేవారొకరు, రిటైరైన లెక్కల మాస్టారొకరు, ఇలా. సవర గిరిజనుల పిల్లలుంటే వాళ్ల మాట తెలిసినవారు తప్పనిసరి. 1880లో ఇదే ఊళ్లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు కూడా తెలుగొచ్చిన సవర మనిషిని పెట్టుకునే ఆ భాష పట్టారు.

అడిగేటప్పుడు ‘తీసివేతలు రావట్లేదండీ’ అంటే ఎవరూ ఏం చెప్పలేరు. పలక ఫోటో పెట్టండి. మొన్న నేను పెట్టినదాంట్లో 42లోంచి 17 పోతే 35! క్లాసులో సగం మంది అదే వేశారు. రిటైరైన మాస్టారి ఆడియో వచ్చింది: “ఏడులోంచి రెండు తీసేస్తున్నార్రా బాబూ. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించు. చాలకపోతే ఒక కట్ట విప్పమను.” మర్నాడు కట్ట విప్పిన పిల్ల 25 చెప్పింది.

వారానికి ఒక్క ప్రశ్నే అడగండి. సలహా పనిచేసిందో లేదో తిరిగి చెప్పండి. మాలో ఒకాయన చెప్పేవాడు కాదు, ఇప్పుడాయన ఫోటోలకి ఎవరూ పలకట్లేదు.