చెరువు కట్టతో మొదలుపెట్టండి: నమూనాలతో సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సివిల్ ఇంజినీరింగ్ పరిచయం చేయాలనుకునేవారు సాధారణంగా పుల్లల వంతెనతో మొదలుపెడతారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మాత్రం చెరువు కట్టతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఇక్కడి పల్లె పిల్లలకు కట్ట, తూము (నీరు వదిలే దారి), మొరవ (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే దారి) అన్న మాటలు ఇంట్లోనే అలవాటవుతాయి. మట్టికి ఖర్చు లేదు, కట్ట తెగినా గంటలో మళ్లీ పోసుకోవచ్చు. థర్మోకోల్‌తో చేసి, రంగులు పూసి, ప్రదర్శనలో బల్ల మీద పెట్టే ఆనకట్టలో నీళ్లే ఉండవు కనుక, దానివల్ల పిల్లలకు వచ్చేది రంగులు పూయడం ఒక్కటే.

మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు గల రేకు తొట్టి ఒకటి తీసుకుని, ఒక చివర అడుగున నీరు పోయే రంధ్రం చేయండి. తొట్టి వెడల్పుకు అడ్డంగా కట్టే కట్ట ఎత్తు 10 సెంటీమీటర్లు, పైన వెడల్పు 4 సెంటీమీటర్లు, రెండు వైపులా వాలు ఎత్తుకు రెండింతలు అనుకుంటే అడుగున వెడల్పు 44 సెంటీమీటర్లు వస్తుంది. మట్టి ఎంత కావాలో పిల్లల చేతనే లెక్క కట్టించాలి. ట్రెపీజియం వైశాల్యం తెలిసినవారికి 7,200 ఘన సెంటీమీటర్లు, అంటే 7.2 లీటర్లు అని తేలుతుంది. దిమ్మిసా చేశాక (కొట్టి గట్టిపరిచాక) మట్టి అణుగుతుంది గనుక అంతకంటే ఎక్కువే తెచ్చుకోవాలి, ఎంత ఎక్కువ అన్నది వారు కొలిచి రాసుకోవాలి.

మొదటి జట్టు ఇసుకతో, రెండో జట్టు పొడి ఎర్రమట్టిని వదులుగా పోసి, మూడో జట్టు బంకమట్టి కలిపిన ఎర్రమట్టిని తడిపి రెండేసి సెంటీమీటర్ల పొరలుగా అణచి కట్టాలి. తడి సరిపోయిందా లేదా అన్నది పిడికిలితో తెలుసుకోవచ్చు: గట్టిగా పిసికి వదిలితే ముద్ద విడిపోకూడదు, అరచేతికి నీరు అంటకూడదు. నీరు నింపే ముందు, ఏ కట్ట ఎక్కడ, ఎందుకు తెగుతుందో ప్రతి ఒక్కరూ నోటు పుస్తకంలో రాయాలి. ఈ పని మరిచిపోతే మిగిలింది నీళ్లాటే. రాసినవారు మాత్రం ఊరికే చూడరు, తమ ఊహ ఎక్కడ తప్పిందా అని వెతుకుతారు.

తరువాతి విడతలో అణచిన కట్టలో ఒక గొట్టాన్ని తూముగా పెట్టించండి. నీరు గొట్టం లోపలి నుంచి కాక, దాని వెలుపలి అంచు వెంబడి ఊరుతూ మట్టిని కొద్దికొద్దిగా మోసుకుపోవడం కనిపిస్తుంది. గొట్టం చుట్టూ బంకమట్టి దట్టించి చూడమనండి. ఆఖరున మొరవ లేకుండా తొట్టి నిండేదాకా నీరు పోయిస్తే, పైనుంచి పొర్లిన నీరు దిగువ వాలును కోసి, ఆ కోత వెనక్కి జరుగుతూ కట్ట తలను చేరుతుంది. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరి, దిగువ పల్లెల వారిని ఖాళీ చేయించిన సంగతి ఈ సమయంలో చెబితే, పిల్లలకు దాన్ని వేరుగా వివరించనక్కరలేదు.

వంతెన రెండో నెలకు సరిపోతుంది. ఐస్‌క్రీమ్ పుల్లలతో చతురస్రం ఒకటి, త్రిభుజం ఒకటి, మూలకు ఒక్కొక్క గుండుసూది గుచ్చి చేయించండి. చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం వాలదు. ఆపై 40 సెంటీమీటర్ల దూరంలో రెండు పీటలు వేసి, త్రిభుజాల వంతెనను వాటి మీద ఆనించి, నడుమ బక్కెట్టు వేలాడదీసి ఇసుక పోస్తూ పోవాలి. జిగురు ఒక రాత్రంతా ఆరనివ్వండి. నేను మొదటిసారి ఆ ఓపిక పట్టక, పుల్లల బలానికి బదులు పచ్చి జిగురు బలాన్ని పరీక్షించాను. ఏ పుల్ల లాగుడు పడుతోంది, ఏది నొక్కుడు పడుతోంది అన్న సందేహానికి దారం జవాబు చెబుతుంది: పుల్ల తీసి దారం కట్టినా వంతెన నిలిస్తే అది లాగుడు పడే పుల్ల. నొక్కుడు పడే పుల్ల విరగడానికి ముందే పక్కకు వంగుతుంది. దాని పొడవు సగం చేస్తే దాదాపు నాలుగింతల బరువుకు గాని వంగదు.

కమానుకు పెద్ద సామగ్రి అవసరం లేదు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనించి ముందుకు వాలి, పాదాలు కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకుంటే, పాదాలు జారబోతున్నట్టు వారికే తెలుస్తుంది. వెనుక మరో ఇద్దరు కాళ్లు అడ్డుపెడితే జారవు. కమాను కూడా తన రెండు కాళ్లను ఇలాగే బయటికి తోస్తుంది. తరువాత వారిని చంద్రగిరి కోటలోని రాజమహల్‌కు తీసుకువెళ్లండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ భవనంలో కమానుల తోపుడును ఏ గోడ కాచుకుంటోందో వెతికి, ద్వారం దగ్గర గోడ మందం టేపుతో కొలిచి రాసుకోమనండి. శుక్రవారం మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, ఆ రోజు మ్యూజియం మూసి ఉంటుంది.