గదిలోంచి బయటికి రాని పిల్లోడితో ఎలా మెలగాలి

మా పిన్ని కొడుకు బెంగళూరులో ఉద్యోగం పోయి తిరుపతికి వచ్చేశాక ఎనిమిది నెలలు మేడ మీది గదిలోంచి కిందికి దిగలేదు. చుట్టాలందరూ సోంబేరి అన్నారు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లోడుంటే ముందు ఆ మాట మానేయండి.

జపాన్‌లో దీన్ని హికికొమొరి అంటారు, అంటే చదువుకీ పనికీ పోకుండా, ఎవరితోనూ కలవకుండా ఆరు నెలలకు పైగా ఇంట్లోనే ఉండిపోవడం. సైటో తమాకి అనే సైకియాట్రిస్టు 1998లో దీని మీద పుస్తకం రాశాకే అక్కడ అందరూ మాట్లాడుకోవడం మొదలైంది. 2022లో ప్రభుత్వం చేసిన సర్వే అంచనా ప్రకారం 15 నుంచి 64 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 14.6 లక్షల మంది ఇలా ఉన్నారు. నాకు భయమేసింది ఇంకో సంగతికి: ఎనభై ఏళ్ల అమ్మానాన్నలు తమ పింఛనుతో యాభై ఏళ్ల కొడుకుని సాకుతున్న ఇళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి, దానికి '8050 సమస్య' అని పేరే పెట్టారు. పరువు పోతుందని ఏళ్ల తరబడి దాచిపెట్టిన ఇళ్లు వాటిలో చాలా ఉన్నాయి. మనమూ అదే చేస్తాం, అడిగితే 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని చెప్పేస్తాం.

తలుపు బాదొద్దు, వైఫై కట్ చేయొద్దు. వాడికి బయటి లోకంతో మిగిలింది ఆ ఫోనొక్కటే కావచ్చు. భోజనం తలుపు దగ్గర పెట్టినప్పుడు 'సంగటి చేశాను, చెనిక్కాయల చట్నీ ఉంది నాయనా' అని ఒక్క మాట చెప్పి వచ్చేయండి, జవాబు రాకపోయినా రోజూ చెప్పండి. పక్కింటోళ్ల పిల్లోడి ప్యాకేజీ ఊసు మాత్రం ఎత్తకండి.

వాడు డాక్టరు దగ్గరికి రానంటే మీరు వెళ్లండి. జపాన్‌లో కూడా సాయం చాలాసార్లు ఇంటివాళ్లతోనే మొదలవుతుంది. తిరుపతిలో అయితే రుయా ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో అడగండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, అది ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. లోపల డిప్రెషన్ ఉందేమో వాళ్లు చూస్తారు. బతకడం ఎందుకు అనే మాట వాడి నోట వస్తే మాత్రం ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు పెళ్లిళ్లతో మొదలుపెట్టకండి. మావాణ్ణి నేను తెల్లవారుజామున ఐదింటికి, తెలిసినవాళ్లు ఎవరూ ఎదురుపడని టైములో, బండి మీద కపిలతీర్థం దాకా తీసుకెళ్లాను. వాడు బండి దిగలేదు. దిగమని నేనూ అనలేదు, టీ తెచ్చిచ్చాను, తాగి వచ్చేశాం.