ఆల్ప్స్ షాలేలో వారం రోజులు: వెళ్లేముందు ఏం అడగాలి, ఏం చెప్పాలి

ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో మెరిబెల్ అనే ఊరుంది. అక్కడ మంచు మీద స్కీయింగ్‌కు వచ్చేవాళ్లకు వారానికి అద్దెకిచ్చే ఒక పెద్ద షాలే, అంటే కొండ ఇల్లు, దాని వంటింట్లో నేను నాలుగు శీతాకాలాలు పనిచేశాను. అదే ఇల్లు, అదే వంట, అవే పరుపులు. అయినా ఒక కుటుంబం వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుని మమ్మల్ని కౌగిలించుకునేది, మరో కుటుంబం మూడో రోజుకే మొహం ముడుచుకునేది. తేడా ఎక్కడొస్తోందో పట్టుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. మొదటివాళ్లు రాకముందే మాతో వివరంగా మాట్లాడేవాళ్లు. రెండోవాళ్లు ఇంత డబ్బు కట్టాం కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారులే అనుకునేవాళ్లు.

షాలే అంటే అసలు కాపరుల గుడిసె. వేసవిలో పశువుల్ని ఎత్తయిన పచ్చికకు తోలుకెళ్లి, అక్కడే పాలు పితికి చీజ్ చేసుకునేవాళ్లు. ఇప్పటి షాలేలో సినిమా గది, ఈతకొలను, వంటకు షెఫ్, తిప్పడానికి డ్రైవర్ ఉంటారు. మెరిబెల్‌ను 1938లో పీటర్ లిండ్సే అనే స్కాట్లండ్ ఆయన మొదలుపెట్టించాడు. కట్టే ప్రతి ఇల్లూ చెక్క, రాయితో, వాలు కప్పుతో ఉండాలని అప్పుడే నియమం పెట్టుకున్నారు. అందుకే ఇవాళ్టికీ ఊరంతా ఒకే తీరుగా ఉంటుంది. పక్క లోయలో కుర్షెవెల్ ఇంకా ఖరీదు. అక్కడ పీక్ సీజన్‌లో వారానికి లక్ష యూరోలు దాటే ఇళ్లున్నాయి. మీ బడ్జెట్ ఎంతైనా సరే, కింద రాసినవి పనికొస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

సీజన్ డిసెంబర్ మొదట్లో మొదలై ఏప్రిల్ మూడో వారం దాకా ఉంటుంది. క్రిస్మస్, న్యూ ఇయర్ వారాలు, ఫిబ్రవరి స్కూలు సెలవులు అన్నిటికంటే ఖరీదు, వాలు పైకి మోసుకెళ్లే స్కీ లిఫ్టుల దగ్గర క్యూలు కూడా ఎక్కువే. ఫ్రాన్స్‌ను మూడు జోన్లుగా విడదీసి ఒక్కో జోన్‌కు ఒక్కోసారి సెలవులిస్తారు కాబట్టి ఫిబ్రవరి రద్దీ ఒక్క వారంతో పోదు, దాదాపు నెలంతా ఉంటుంది. జనవరి రెండో వారం నుంచి ధర తగ్గుతుంది, మంచు బాగుంటుంది, చలి మాత్రం గట్టిగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను మార్చి రెండో సగమే చెబుతాను. పగలు పొడుగ్గా ఉంటుంది, మధ్యాహ్నం టెర్రస్ మీద కోటు విప్పి కూర్చోవచ్చు.

బుకింగ్ మామూలుగా శనివారం నుంచి శనివారం దాకా, పూర్తి వారానికే ఇస్తారు.

డబ్బు కట్టేముందు

ఫొటోలన్నీ బాగానే ఉంటాయి. మీరు అడగాల్సింది ఫ్లోర్ ప్లాన్. కొండవాలు మీద కట్టిన ఇల్లు కదా, చాలా షాలేల్లో గుమ్మం మధ్య అంతస్తులో ఉంటుంది, పడకగదులు కింద, కొండలు కనబడాలని హాలు పైన. ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు, మోకాలి ఆపరేషన్ అయి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆయనకిచ్చిన గది నుంచి భోజనాల బల్ల దగ్గరికి ముప్పై నాలుగు మెట్లు. లిఫ్ట్ లేదు. ఆ సంగతి బుక్ చేసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మొదటి రాత్రి ఆయన కిందే ఉండిపోయారు, నేను పళ్లెం తీసుకెళ్లి ఇచ్చాను. మర్నాడు గదులు మార్చాం గానీ, ఆ రాత్రి ఆయన మొహం నాకింకా గుర్తుంది. మెట్లు ఎన్ని, లిఫ్ట్ ఉందా, ఏ గది ఏ అంతస్తులో ఉంది, రాతపూర్వకంగా తెప్పించుకోండి. పడకగదుల లెక్కలో ఒకదానిమీద ఒకటి మంచాలుండే బంక్ గది కూడా కలిపేస్తారు, అదీ చూసుకోండి.

తర్వాత స్కీ-ఇన్ స్కీ-అవుట్ అనే మాట. గుమ్మంలోంచి నేరుగా స్కీ మీద దిగి, సాయంత్రం స్కీ మీదే ఇంటికి చేరడం అని అర్థం. ప్రకటనల్లో దీన్ని చాలా ఉదారంగా వాడతారు. ఎన్ని మీటర్లు నడవాలి, ఆ వాలు ఏ రంగుది అని రెండూ అడగండి. స్కీ వాలు ఎంత కష్టమో రంగుతో చెబుతారు. ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ అన్నిటికంటే తేలిక, తర్వాత నీలం, ఎరుపు, చివరిది నలుపు. ఇంటికొచ్చే దారి ఎరుపైతే, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ ఇల్లు స్కీ-ఇన్ కాదు. వాళ్లకు కారు కావాలి.

ధరలో ఏముందో విడిగా రాయించుకోండి. ఎక్కువ చోట్ల టిఫిన్, సాయంత్రం కేక్, టీ, రాత్రి భోజనం ఉంటాయి. లిఫ్ట్ పాస్, స్కీల అద్దె, నేర్పే టీచర్, మధ్యాహ్న భోజనం మామూలుగా వేరే. స్థానిక పన్ను తలకింత అని విడిగా పడుతుంది. సామాన్లు పాడైతే పట్టుకోవడానికి డిపాజిట్ ఉంటుంది. వారంలో ఒకరోజు సిబ్బందికి సెలవు, ఆ రాత్రి ఇంట్లో వంట ఉండదు. అది ఏ రోజో ముందే కనుక్కుని ఆ రాత్రికి రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసుకోండి. ఊళ్లో సగం షాలేలకు అదే రోజు సెలవు ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు టేబుల్ దొరకదు. డ్రైవర్ ఉన్నాడంటే ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంటాడో కూడా అడగండి.

వీసా షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే. చాలామంది విమానం జెనీవాలో దిగుతుంది కాబట్టి స్విట్జర్లాండ్ వీసా అనుకుంటారు. మీరు ఎక్కువ రాత్రులు ఉండేది ఏ దేశంలోనో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, అంటే మెరిబెల్‌కైతే ఫ్రాన్స్‌కి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ అడుగుతారు. అందులో స్కీయింగ్ ప్రమాదాలు, వాలు మీద నుంచి కిందికి దించే రెస్క్యూ ఖర్చు కలిసి ఉన్నాయో లేదో చదివి చూసుకోండి. ఆ రెస్క్యూకు ఫ్రాన్స్‌లో బిల్లు వేస్తారు. లేకపోతే లిఫ్ట్ పాస్ కొనేచోటే రోజుకు కొద్ది యూరోలకు ఇన్సూరెన్స్ ఇస్తారు, తప్పకుండా తీసుకోండి.

షెఫ్‌కు రాసే కాగితం

డబ్బు కట్టాక షాలే వాళ్లు మీకు ప్రిఫరెన్స్ షీట్ అని ఒక ఫారం పంపుతారు. ఎక్కువమంది దాన్ని ఐదు నిమిషాల్లో నింపేస్తారు. దయచేసి ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టుకుని నింపండి. మీ వారం ఎలా ఉంటుందో తేలేది ఆ కాగితం మీదే.

ముఖ్యంగా శాకాహారులు. వెజిటేరియన్ అని ఒక్క ముక్క రాస్తే ఆల్ప్స్‌లో షెఫ్‌కు అర్థమయ్యేది వేరు. గుడ్డు వేస్తాడు, కొన్నిచోట్ల చేప కూడా పెడతారు. ఉల్లిపాయ సూప్ మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తాడు. పనాకోటా అనే క్రీమ్ స్వీట్‌లో పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. టార్టిఫ్లెట్ అని ఇక్కడ అందరూ ఇష్టంగా తినే ఆలుగడ్డ, రెబ్లోషాన్ చీజ్ వంటకంలో పంది మాంసం ముక్కలుంటాయి. బోఫోర్ లాంటి సంప్రదాయ చీజ్‌లను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే తోడుపెడతారు. ఇందులో ఎవరూ మిమ్మల్ని మోసం చేయడం లేదు, వాళ్ల వంట అది. కాబట్టి ఇలా రాయండి:

"మేం ఎనిమిది మందిమి. ఇద్దరు మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ తినరు. మాంసం ఉడికించిన నీళ్లు సూప్‌లో, సాస్‌లో కూడా వద్దు. చీజ్ జంతువుల రెన్నెట్ లేనిదైతేనే తింటారు. పాలు, వెన్న, పెరుగు తింటారు. బాబుకు వేరుశెనగ పడదు, మందు మా దగ్గరే ఉంటుంది. అందరికీ కారం ఇష్టం. పెద్దవాళ్లు రాత్రి ఏడింటికే తింటారు."

ఇలాంటి కాగితం చేతికొచ్చిన రోజు నాకు పండగలా ఉండేది. జంతువుల రెన్నెట్ లేని చీజ్ కొండ మీద దుకాణంలో అప్పటికప్పుడు దొరకదు, కింద లోయ నుంచి తెప్పించాలి. శనివారం రాత్రి చెబితే మంగళవారానికి గానీ రాదు. వారం ముందు చెబితే మీరు గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఫ్రిజ్‌లో ఉంటుంది.

ఇంకో సంగతి, వంట చేసేవాళ్లకే తెలిసేది. మెరిబెల్ సుమారు 1,450 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గుడ్డు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, పప్పులైతే మరీ మొండికేస్తాయి. పప్పు, చిక్కుడు గింజల వంటలు కావాలంటే షెఫ్‌తో ముందే అనండి. రాత్రే నానబెట్టుకుంటాడు, ప్రెషర్ కుక్కర్ లేకపోతే తెప్పించుకుంటాడు.

చేరుకోవడం

జెనీవా నుంచి మెరిబెల్‌కు రోడ్డు ఖాళీగా ఉంటే రెండుంపావు గంటలు. శనివారం ఖాళీగా ఉండదు. అన్ని షాలేల్లోనూ అదే రోజు అతిథులు మారతారు కాబట్టి మూటియే ఊరు దగ్గర కార్లు బారులు తీరతాయి. విమానం వీలైనంత పొద్దున్నే దిగేలా చూసుకోండి. సొంతంగా కారు నడిపితే నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఈ కొండ ప్రాంతాల్లో శీతాకాలపు టైర్లో, చైన్లో ఉండాలని ఫ్రాన్స్‌లో చట్టం. మంచు రోడ్డు అలవాటు లేనివాళ్లు నడపొద్దు, డ్రైవర్‌ను పెట్టుకోండి. పైకి వెళ్లే మలుపుల్లో పిల్లలకు వాంతులవుతాయి, చేతిలో కవర్లు ఉంచుకోండి.

ఇంట్లో

గుమ్మం పక్కనే బూట్ రూమ్ ఉంటుంది. ఆ గది సరిగ్గా వాడుకుంటే వారమంతా పాదాలు సుఖంగా ఉంటాయి. గోడకు వరసగా గొట్టాల్లాంటి కొక్కేలుంటాయి, వాటిలోంచి వెచ్చని గాలి వస్తుంది. సాయంత్రం రాగానే స్కీ బూట్ల బకిల్స్ పూర్తిగా విప్పి, నాలుక ముందుకు లాగి, బోర్లించి కొక్కేనికి తగిలించండి. పొద్దునకల్లా లోపలి మెత్త ఎండిపోతుంది, వెచ్చగానూ ఉంటుంది. పొద్దున తీసి ఆ వేడి మీదే వేసుకోండి, చల్లారితే ప్లాస్టిక్ బిగుసుకుపోయి పాదం దూరదు. స్కీల ఇనుప అంచుల్ని గుడ్డతో తుడవకపోతే రాత్రికి రాత్రే తుప్పు మరకలొస్తాయి. స్కీ బూట్లతో చెక్క నేల మీదికి అసలు వెళ్లొద్దు. లోపల చెప్పులు ఇస్తారు, లేదా మందపాటి సాక్సులు తెచ్చుకోండి.

బయట హాట్ టబ్ ఉంటుంది. మంచు కురుస్తుండగా మెడదాకా వేడినీళ్లలో కూర్చుంటే ఒంట్లో నొప్పులన్నీ దిగిపోతాయి, మాటల్లో చెప్పలేను. పావుగంటకు మించి ఉండొద్దు, మద్యం తాగి దిగొద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడక్కుండా దిగొద్దు. చీకటి పడ్డాక ఎన్నింటిదాకా వాడొచ్చో అడగండి, పక్క షాలేలో పసిపిల్లలు నిద్రపోతూ ఉంటారు.

రాత్రి బాగా మంచు పడితే తెల్లవారుజామున కొండల్లోంచి ఢాం ఢాం అని పేలుళ్లు వినిపిస్తాయి. చాలామంది ఉలిక్కిపడి నన్ను అడిగేవాళ్లు. వాలులు చూసుకునే సిబ్బంది, జనం రాకముందే మంచు చరియల్ని కావాలని కూల్చే చప్పుడు అది. టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆ రోజు గుర్తులు దాటి బయటికి మాత్రం వెళ్లొద్దు. చరియల ప్రమాదానికి 1 నుంచి 5 దాకా స్కేలు ఉంది, లిఫ్టుల దగ్గర బోర్డు మీద పెడతారు. గైడ్ లేకుండా ఏ రోజూ గుర్తించిన వాలు దాటకండి. ఎమర్జెన్సీ నంబరు 112.

సన్‌స్క్రీన్ చలిలో ఎందుకు అనుకోకండి. వెయ్యి మీటర్లు ఎక్కితే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు పుటాల కింద కూడా రాసుకోండి. గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు బాగా తాగండి. కుళాయి నీళ్లే తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

ఒక్క రోజైనా స్కీ మానేసి ఇంట్లో ఉండండి. నాకు బాగా గుర్తున్న అతిథుల్లో ఒకావిడ ఆ వారంలో ఒక్కసారి కూడా మంచు మీదికి వెళ్లలేదు. రోజూ మధ్యాహ్నం నిప్పు పక్కన కూర్చుని, నాలుగింటికి వంటింట్లోకి వచ్చి నాతోపాటు కేక్‌కు ఆపిల్స్ తరిగేది. ఇంటికి కట్టిన డబ్బు పూర్తిగా వాడుకున్నది ఆవిడే అనిపించేది నాకు.

వెళ్లే రోజు

శనివారం పదింటికల్లా ఖాళీ చేయాలి. సాయంత్రానికి కొత్తవాళ్లు వస్తారు. ఆ కొద్ది గంటల్లో ఇల్లంతా దులిపి, పక్కలన్నీ మార్చి, కొత్త వంట మొదలుపెట్టాలి. శుక్రవారం రాత్రే పెట్టెలు సర్దేసుకుంటే మీకూ మాకూ మంచిది. ఛార్జర్లు గోడకు మర్చిపోతారు, పిల్లల చేతి గ్లవ్స్ బూట్ రూమ్ కొక్కేలకే ఉండిపోతాయి. ఆ రెండు చోట్లా ఒకసారి చూసుకోండి.

టిప్ ఇవ్వాలనుకుంటే యూరోల నోట్లు కవర్‌లో పెట్టి అందరికీ కలిపి ఇవ్వండి. గదులు ఊడ్చే అమ్మాయి మీకు ఎక్కువగా కనబడకపోవచ్చు, ఆమె పేరు కూడా కవర్ మీద రాయండి. పొద్దున ఆరింటికే బయల్దేరాల్సి వస్తే శుక్రవారం రాత్రి భోజనం అప్పుడే షెఫ్‌కు ఆ మాట చెప్పండి. దారిలో తినడానికి వేడి రొట్టెలు, చీజ్, ఫ్లాస్కులో టీ కట్టి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి ఉంచుతాడు.