‘ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’ అని ఫోన్ వస్తే ఏం చేయాలి?

మా వీధిలో కిరాణా కొట్టు నడిపే 67 ఏళ్ల పెద్దాయనకు, ఎవరిదో సరిహద్దు తగాదాలో, ‘సాయంత్రం ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’ అని ఫోన్ వచ్చింది. ఆయన ఆధార్ కార్డు, బీపీ మాత్రలు జేబులో పెట్టుకుని వెళ్లి, రాత్రి పదిన్నర దాకా బల్ల మీద కూర్చుని, ఎందుకు పిలిచారో తెలియకుండానే తిరిగివచ్చారు. మన ప్రభుత్వం కింద మనం నిజంగా స్వతంత్రులమేనా అని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ బల్లే గుర్తుకొస్తుంది. ఆయన అక్కడికి వెళ్లనవసరమే లేదన్న సంగతి ఆయనకూ తెలియదు, ఆ రోజు మాకూ తెలియదు.

అలాంటి ఫోన్ వచ్చినప్పుడు మర్యాదగా, తడబడకుండా రెండు విషయాలు అడగండి: ఏ కేసులో పిలుస్తున్నారు, సాక్షిగానా లేక నిందితుడిగానా? సాక్షిని పిలవాలంటే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. మహిళలను, 15 ఏళ్లలోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారు ఉండే చోటు విడిచి రమ్మని బలవంతపెట్టకూడదని అదే సెక్షన్ చెబుతోంది. సాక్షిగా మీరు చెప్పింది రాసుకున్నాక సంతకం పెట్టమంటే, దర్యాప్తులో పోలీసులకిచ్చే వాంగ్మూలంపై సంతకం తీసుకోరాదని 181వ సెక్షన్‌లో ఉందని గుర్తుచేయండి. తెల్లకాగితం మీద మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా సంతకం పెట్టకండి.

ఆరోపణ మీ మీదే ఉంటే పద్ధతి వేరు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అరెస్టు అవసరం లేనప్పుడు అదే సంహిత 35వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద హాజరుకమ్మని నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చాలదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే పద్ధతి ప్రకారం నోటీసు అందాక హాజరుకాకపోవడం పొరపాటు, ఎందుకంటే చెప్పిన రోజున వెళ్లినంత కాలం, కారణాలు నమోదు చేస్తే తప్ప అరెస్టు చేయరాదని చెప్పే చట్టమే, వెళ్లకపోతే అరెస్టుకు దారి ఇస్తుంది. వీలైతే న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లండి, ప్రతి కాగితానికీ నకలు దగ్గర ఉంచుకోండి.

అరెస్టే జరిగితే కారణాలు రాతపూర్వకంగా, మీకు అర్థమయ్యే భాషలో అడగండి. అరెస్టు వివరాలు రాసే కాగితం, అంటే అరెస్టు మెమోపై కుటుంబ సభ్యుడు గానీ ఆ ప్రాంతంలోని పెద్దమనిషి గానీ సాక్షి సంతకం చేయాలి, మీరు చెప్పిన వ్యక్తికి కబురు వెళ్లాలి, విచారణ సమయంలో న్యాయవాదిని కలవనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణమే శాసిస్తోంది. నా దృష్టిలో వీటన్నిటిలోనూ విలువైన ఘడియ మేజిస్ట్రేటు ముందు నిలబడే ఆ కొద్ది నిమిషాలే. కొట్టి ఉంటే, అసలు అరెస్టు నిన్ననే జరిగినా కాగితంలో ఈ రోజని రాసి ఉంటే, భయంతో తలూపి ఊరుకోకుండా అక్కడే చెప్పండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు.

ఇక్కడిదాకా చెప్పిన రక్షణలు ముందస్తు నిర్బంధం, అంటే ఇకముందు నేరం చేస్తారన్న అనుమానంతో నిర్బంధించడం దగ్గర బాగా పలచబడతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్న 1986 నాటి పీడీ (ప్రివెంటివ్ డిటెన్షన్) చట్టం కింద విచారణ లేకుండానే ఒక మనిషిని ఏడాది వరకు జైల్లో ఉంచవచ్చు, 24 గంటల నియమం దానికి వర్తించదు. దేశం 75 ఏళ్ల స్వాతంత్ర్య వేడుకలు జరుపుకుంటుండగా కొందరు పోలీసు అధికారులకు రాజ్యాంగ హామీలు పట్టడం లేదని, 2023లో అమీనా బేగం కేసులో, తెలంగాణ అధికారులిచ్చిన నిర్బంధ ఉత్తర్వును కొట్టివేస్తూ సుప్రీంకోర్టే బాధపడింది. మీ ఇంట్లోవారికి ఆ పరిస్థితి వస్తే, ఐదు రోజుల్లోగా ఇవ్వవలసిన కారణాల ప్రతిని తెలుగులో కోరి తీసుకోండి. ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చి, అందినట్లు తేదీతో రసీదు భద్రపరచండి. ఆ వినతిని అకారణంగా నాన్చారని రుజువైతే ఉత్తర్వు రద్దయిన సందర్భాలున్నాయి కనుక, నిర్బంధంలో ఉన్న మనిషిని విడిపించమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను హైకోర్టులో వేసే న్యాయవాది చేతికి ముందుగా ఆ రసీదే ఇవ్వండి.