అద్దె ఇంటి మరమ్మతుల లెక్క – 4వ పాఠం: వీధి తలుపు మార్చడానికి ఎంతవుతుంది?

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. తాళం వైపు కింది మూల నేలకు రాసుకుంటోంది, అదే వైపు పైన సందు పెరిగింది. తలుపు మార్చాలా? అక్కర్లేదు. పై మడతబందు స్క్రూలు పట్టు వదిలేశాయి, బరువుకు తలుపు ఒరిగింది. పాత రంధ్రాల్లో గట్టి చెక్క పుల్లలు జిగురుతో బిగించి, ఆరాక 50 మి.మీ. స్క్రూలు వేస్తే మళ్లీ నిలబడుతుంది. వానాకాలంలో మాత్రమే బిగుసుకునే తలుపునూ మార్చక్కర్లేదు. పొడి రోజుల్లో కొద్దిగా చిత్రిక పట్టి, అంచులకు రంగు వేస్తే చాలు. ఈ రెండు కారణాలకే తలుపు మార్చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ పాఠంలో నిజంగానే మార్చక తప్పని తలుపుకు అంచనా కాగితం తయారుచేద్దాం. రేట్లు ఊరికో తీరు, ఏటికో తీరు కాబట్టి రేటు గడి ఖాళీగా ఉంచుతాం. పరిమాణాలు సరిగ్గా వస్తే రేటు నింపడం ఐదు నిమిషాల పని. పరిమాణాలు తెలియకుండా రేటు అడిగితే మేస్త్రీ చెప్పిందే లెక్క అవుతుంది.

ద్వారబంధం నుంచి మొదలుపెట్టండి

అందరూ తలుపు రెక్క ధర అడుగుతారు. ఖర్చును తేల్చేది మాత్రం ద్వారబంధం. అది బాగుంటే పని ఒక్క రోజులో ముగుస్తుంది. పోయిందంటే గోడ పగలాలి, తాపీ పని, పూత, రంగు అన్నీ వెంట వస్తాయి.

సన్నని స్క్రూడ్రైవర్ తీసుకుని బంధపు రెండు నిలువు కమ్ముల (పక్క చెక్కల) అడుగున, గడప నుంచి ఒక అడుగు ఎత్తు వరకు, అంగుళానికోసారి పొడిచి చూడండి. రంగు పైకి నున్నగా కనిపించినా నమ్మొద్దు. 5 మి.మీ. కంటే లోతుకు సులువుగా దిగితే అక్కడ చెక్క చివికినట్టే. మెత్తదనం 30 సెం.మీ. లోపే ఆగితే ఆ ముక్క కోసి, ఏటవాలు అతుకుతో కొత్త చెక్క కలపవచ్చు. అంతకంటే పైకి పాకితే బంధం మొత్తం మార్చాల్సిందే. పొడిచినప్పుడు మట్టి గొట్టాలు రాలితే చెద పట్టినట్టు. ముందు చెద మందు కొట్టించాలి, ఆ ఖర్చు వేరే వరుసలో రాయండి. అది వదిలేసి కొత్త చెక్క పెట్టడమంటే చెదకు మేత వేయడమే.

తర్వాత తూకపుగుండు (దారానికి కట్టిన బరువు) వేలాడదీసి చూడండి. మడతబందుల వైపు కమ్మి నిట్టనిలువుగా లేకపోతే కొత్త తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. మూల నుంచి ఎదురు మూలకు, రెండు కర్ణాల కొలతలు కూడా తీయండి. వాటి మధ్య తేడా 5 మి.మీ. దాటితే బంధం వంకరగా ఉందని అర్థం.

కొలతలు

తలుపు కూర్చునే గాడి నుంచి గాడికి కొలవాలి. పాత తలుపును కొలిచి అదే సైజు తెప్పించడం ఎక్కువమంది చేసే పొరపాటు. దాన్ని ఎన్నిసార్లు చిత్రిక పట్టారో మనకు తెలియదు. వెడల్పు పైన, మధ్యలో, కింద తీయాలి. ఎత్తు రెండు పక్కలా తీయాలి.

ఉదాహరణకు వెడల్పులు పైనుంచి 906, 904, 901 మి.మీ.; ఎత్తులు 2104, 2100 వచ్చాయనుకుందాం. తక్కువదే తీసుకోవాలి. పక్కకు 3 చొప్పున రెండు పక్కలా 6 మి.మీ. సందు వదిలితే వెడల్పు 895. పైన 3, కింద 5 వదిలితే ఎత్తు 2092. బజార్లో దొరికే 900 × 2100 రెక్క, పైనా కిందా 4 మి.మీ. చొప్పున తీయిస్తే, దీనికి సరిపోతుంది. మడతబందుల అంచు తిన్నగానే ఉంచి, తాళం వైపు మాత్రం పైన 900, కింద 895 వచ్చేలా ఏటవాలుగా చిత్రిక పట్టిస్తే సందు పైనుంచి కిందిదాకా ఒకేలా కనిపిస్తుంది. ఫ్లష్ డోర్‌ను (లోపల చట్రం, రెండు వైపులా నున్నని పలకలు ఉండే తలుపును) ఒక్కో అంచున 5–6 మి.మీ. కంటే ఎక్కువ తీయనివ్వకండి. లోపలి చట్రం పలచబడి స్క్రూ పట్టదు. అంతకంటే తీయాల్సి వస్తే కొలత ఇచ్చి చేయించుకోవడమే మేలు.

గాడి లోతు చాలామంది చూడరు. పాత తలుపు 30 మి.మీ. మందం, కొత్తది 35 అయితే రెక్క బంధం నుంచి 5 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది, గడియ బంధంలోని రంధ్రానికి కలవదు. గాడిని లోతు చేయించాలంటే అదనంగా సగం పూట కూలి. కాగితంలో అదీ రాయండి.

సామాను

రెక్క: బయటి తలుపు కాబట్టి లోపల దిమ్మలు నింపిన ఘనమైన రకం, నీళ్లకు పొరలు విడిపోని జిగురుతో చేసినది కావాలి. బోలు రకం పడకగదికి సరే, వీధి వైపు వద్దు. 2100 × 900 × 35 మి.మీ. ఘన రెక్క సుమారు 43 కిలోలు తూగుతుంది. ఈ బరువుకు 100 మి.మీ. మడతబందులు నాలుగు వేయడం మంచిది, మూడు మరీ తక్కువలో తక్కువ. మడతబందుకు 8 చొప్పున నాలుగింటికి 32 స్క్రూలు. పై మడతబందుకు బంధం వైపు పట్టే నాలుగూ 50 మి.మీ.వి తీసుకోండి, లాగుడు బరువంతా అక్కడే పడుతుంది. తాళం, పైన ఒకటి కింద ఒకటి టవర్ బోల్టులు, ఒక స్టాపర్, బయట వాన పడే గుమ్మమైతే అడుగున నీటిపట్టీ.

తాళం దిమ్మ విషయం ఇక్కడే చెప్పాలి. ఫ్లష్ డోర్‌లో తాళం పట్టేచోట ఘనమైన దిమ్మ ఉంటుంది, కొన్నిట్లో ఒక పక్కనే. ఏ పక్కో అంచు మీద గుర్తు వేస్తారు. ఆ గుర్తును చిత్రికతో చెరిపేసి, తలుపు తిరగేసి బిగిస్తే తాళం స్క్రూలు నింపుడు చెక్కల మధ్య ఖాళీలో పడతాయి. ఆర్నెల్లకు తాళం ఊగుతుంది. దించుకునేటప్పుడే గుర్తు చూసి, ముఖం మీద సుద్దతో పెద్దగా రాయండి.

బంధం కూడా మారిస్తే చెక్క లెక్క ఇలా: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 7 అడుగుల కమ్ములు రెండు, 3½ అడుగుల పై కమ్మి, అంతే గడప: మొత్తం 21 అడుగులు. 5 × 3 అంగుళాల చెక్కకు 21 × 5 × 3 ÷ 144 = 2.19. తరుగు పదిశాతం కలిపితే 2.4. ఈ కొలత కోత చెక్కకు. చిత్రిక పట్టాక చేతికొచ్చేది సుమారు 4¾ × 2¾ అంగుళాలే ఉంటుంది, బిల్లు మాత్రం కోత కొలతకే వస్తుంది. అది మోసం కాదు. గోడలోకి పట్టు కొక్కేలు పక్కకు మూడు, మొత్తం ఆరు.

రంగు: రెక్క రెండు ముఖాలు, అంచులు కలిపి 4 చ.మీ.; బంధం 1.8 చ.మీ. లీటరుకు 10 చ.మీ. వస్తుందనుకుంటే ప్రైమర్ ఒక పూతకు 0.6 లీటరు, ఎనామెల్ రెండు పూతలకు 1.2 లీటర్లు. ప్రైమర్ తలుపు బిగించక ముందే వేయించండి. తర్వాత అడుగు అంచుకు బ్రష్ పోదు, కొత్త తలుపులు ఉబ్బడం అక్కడినుంచే మొదలవుతుంది.

కూలి, రోజులు

రెక్క మాత్రమే అయితే వడ్రంగి, సహాయకుడు, ఒక రోజు. బంధం కూడా అయితే తీయడానికి, నిలబెట్టడానికి వడ్రంగికి ఒక రోజు, తాపీ మేస్త్రీకి ఒక రోజు. సిమెంటు గట్టిపడే వారం దాకా రెక్క బరువు వేయకూడదు, ఆ తర్వాత బిగింపుకు మరో రోజు. ఆ వారం రాత్రుళ్లు ఇల్లు తెరిచి ఉండకూడదు కదా. లోపల మనుషులున్న అద్దె ఇంట్లో తాత్కాలిక పలక తలుపు, దాని గొళ్లెం కూడా అంచనాలో ఉండాలి. ఇది దాదాపు ఎవరి కాగితంలోనూ కనిపించదు.

పాత చెక్క ఎవరిదో, చెత్త ఎవరు మోస్తారో కూలి మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

ఎవరి వాటా ఎంత

వాన, ఎండ, చెద, వయసు వల్ల పోయిన తలుపు యజమాని ఖర్చు. అద్దెకున్నవాళ్ల చేతిలో విరిగినా పూర్తి కొత్త ధర అడగడం సబబు కాదు. 20 ఏళ్లు నిలిచే తలుపు 12 ఏళ్లకు విరిగితే మిగిలిన ఆయుష్షు 8 ఏళ్లే, అంటే కొత్త ధరలో నూటికి 40 వంతులు; అద్దెకున్నవాళ్ల వాటా అంతే. పన్నెండేళ్ల అరుగుదల ఎలాగూ యజమానిదే. తలుపు ఎప్పుడు పెట్టించారో తెలిపే బిల్లు, దిగిననాటి ఫొటో ఉంటే ఈ మాట పోట్లాట దాకా రాదు. ఒప్పంద పత్రంలో వేరేగా రాసుంటే ముందు దాన్నీ, మీ చోటి అద్దె చట్టాన్నీ చూడండి.

అభ్యాసం

గాడి వెడల్పులు 872, 870, 868. ఎత్తు రెండు పక్కలా 2080. పాత రెక్క మందం 30 మి.మీ.; మడతబందుల వైపు కమ్మి అడుగున 20 సెం.మీ. మెత్తబడింది, తలుపు వయసు 15 ఏళ్లు, నిలిచేది 20 ఏళ్లు, తాళం దగ్గర రెక్క చీలింది అద్దెకున్నవాళ్ల వల్ల. కొత్త రెక్క ఏ కొలతకు చెప్పాలి, బజారు సైజు కోయించవచ్చా, బంధం మార్చాలా అతకాలా, అద్దెదారు వాటా నూటికి ఎంత, అతుకు ఖర్చులో వాళ్లకు భాగం ఉందా? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో రెక్కను బంధానికి వేలాడదీసే పని మొదలవుతుంది.