తిరుపతి నుంచి హార్సిలీ హిల్స్ దాకా: ఘాట్ దారిలోనూ టెంట్‌లోనూ వచ్చే ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

తిరుపతిలో బయలుదేరి, భాకరాపేట ఘాట్ దాటి, తలకోన చూసుకొని, పీలేరు, మదనపల్లెల మీదుగా సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ హిల్స్‌కు రెండు మూడు రోజులు తీరుబడిగా వెళ్లేవారికి ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు కారు పాతదైనందువల్ల వచ్చేవి కావు. మైదానపు అలవాట్లతోనే కొండ ఎక్కి దిగడం వల్ల వచ్చేవి.

సమస్య: దిగేటప్పుడు మాడు వాసన వస్తోంది, బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. దిగువకు వస్తున్నంతసేపూ పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే, ప్యాడ్లకు చల్లబడే వ్యవధి లేక వాటి పట్టు తగ్గిపోతుంది. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరి అది మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆయిల్ ఒత్తిడికి కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. అందుకే పెడల్ అడుగంటా దిగినా బండి ఆగదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, ఏళ్ల తరబడి మార్చకపోతే ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది.

వాసన తగిలిన వెంటనే వెడల్పైన చోట బండిని పక్కకు తీసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టి, కనీసం అరగంట ఆగాలి. తొందరపడి నీళ్లు పోయకూడదు. కాలిన డిస్కు వంకరపోవచ్చు. తరువాత రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగుతూ, మలుపులకు ముందు మాత్రం బ్రేక్ గట్టిగా వేసి వదిలేయాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని డ్రైవర్లు చెప్పే మాటను తప్పక పాటించాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఇంజన్ ఆపి దిగడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. ఇంజన్ ఆగితే బ్రేక్‌కు అందే సాయం పోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

సమస్య: ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు పైకి పోతోంది

ఏసీ ఆపి, పక్కకు తీసి బానెట్ తెరవండి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. మరుగుతున్న నీరు ముఖాన చిమ్ముతుంది. కూలెంట్ మట్టాన్ని ఇంటి దగ్గరే చూసుకొని బయలుదేరితే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.

సమస్య: వాన పడలేదు, అయినా తెల్లారేసరికి టెంట్ లోపల తడి

ఒక డిసెంబరు ఉదయం హార్సిలీ హిల్స్ మీద మేము నలుగురం పడుకున్న టెంట్ పైకప్పును వేలితో తాకితే, నీటి బొట్టు వేలి వెంట జారి మోచేతి దాకా వచ్చింది. దుప్పట్ల అంచులు అప్పటికే చెమ్మగిల్లాయి. టెంట్ కారుతోందని అనుకున్నాము కానీ, అది మా ఊపిరిలోని తేమే. చలికి భయపడి జిప్పులన్నీ మూసేయడంతో ఆ తేమ చల్లని గుడ్డకు తగిలి నీరైంది. పైనున్న గాలి కిటికీని, తలుపు జిప్పును కింది నుంచి జానెడు తెరిచి ఉంచితే చాలు, గాలి ఆడుతుంది. పై గుడ్డ లోపలి గుడ్డకు అంటుకోకుండా తాళ్లు బిగించాలి, తడి బట్టలను కారులో పెట్టుకోవాలి. చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటిని మాత్రం ఎన్నడూ లోపలికి తేకూడదు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం కాబట్టి అక్కడ నచ్చినచోట టెంట్ వేయడం కుదరదు. బసకు అనుమతి ఉన్న చోటు ఏదో ముందే కనుక్కొని వెళ్లాలి.

సమస్య: మలుపుల్లో పిల్లలకు వాంతులు

కన్ను ఫోన్ మీద నిలిచి ఉండగా చెవిలోని సమతౌల్య భాగం కదలికను గ్రహించడమే కారణం. ఫోన్ తీసేసి, దూరపు కొండను చూడమనండి. అద్దం కొంచెం దించండి.

సమస్య: తినుబండారాలను కోతులు ఎత్తుకుపోతున్నాయి

సంచి కనబడితే చాలు అవి దగ్గరకు వస్తాయి. ఆహారమంతా డిక్కీలో పెట్టి, అద్దాలు పూర్తిగా ఎత్తి, తిన్న చోట అరటి తొక్క కూడా మిగల్చకుండా ఊడ్చుకొని రండి.